చాప కింద చెప్పిన ఆదివారం

ఆ ఏడు మా సమోవాకి ఒక శుక్రవారం రాలేదు. డిసెంబరు ఇరవై తొమ్మిది, గురువారం రాత్రి పడుకున్నాం. లేచేసరికి ముప్పై ఒకటి, శనివారం. అంతవరకూ అమెరికా వైపు తేదీలతో నడిచినవాళ్లం, ఇకమీదట బేరసారాలన్నీ న్యూజిలాండు, ఆస్ట్రేలియాలతోనే కదా అని ప్రభుత్వం మమ్మల్ని వాళ్ల తేదీల్లోకి మార్చేసింది. ఊళ్లో జనం నవ్వుకున్నారు. ముప్పయ్యో తారీఖున పుట్టినవాళ్లని పట్టుకుని, "నీకు ఈ ఏడు వయసు పెరగలేదు, బడికెళ్లి చిన్న క్లాసులో కూర్చో" అని ఏడిపించారు.

నాకు నవ్వు రాలేదు. నేను శనివారపు మనిషిని. అంటే, ఏడోరోజు శనివారమే దేవుడి రోజని నమ్మే చిన్న సంఘంలో పుట్టి పెరిగినదాన్ని. శుక్రవారం మాయమయ్యేసరికి మా వాళ్లు రెండు ముక్కలయ్యారు. క్యాలెండరు మీద శనివారమని రాసుంటే అదే అని కొందరు, కాదు, వేళ్లమీద లెక్కపెట్టుకుంటే ఇకమీదట ఆదివారమే ఏడోరోజని కొందరు. అన్నదమ్ములు మాటలు మానేశారు. నేను క్యాలెండరు పక్షం. ఇంట్లో వాదించి వాదించి గొంతు పోయి, ఆ వాదన ఇంకా నోట్లో నానుతుండగానే సెలవులైపోయి బడికొచ్చాను. నా తప్పుకి సాకు చెప్పడం లేదు. ఎలా జరిగిందో చెబుతున్నాను.

బడి ఉన్నది సవాయి దీవిలో ఫాలెవై అనే ఊళ్లో. సర్కారు బడి. నేను అక్కడ ఏడేళ్లుగా ఆరో తరగతి టీచర్ని. నా పేరు మోయెలంగి. ఊరు ఊరంతా ఆదివారపు సంఘమే. సాయంత్రం శంఖం ఊదితే ఎక్కడివాళ్లక్కడ ఇళ్లలోకి చేరి ప్రార్థన చేసుకోవాలి. ఆదివారం సముద్రంలో దిగకూడదు, గొడ్డలి పట్టకూడదు, బట్టలు ఆరేయకూడదు. వచ్చిన కొత్తలో తెలియక ఒక ఆదివారం రెండు తువ్వాళ్లు ఆరేశాను. పెద్దల సభ వాళ్లు నాకు జరిమానా వేయలేదు, "పాపం, పైవూరి పిల్ల" అని వదిలేశారు. ఆ జాలి నాకు జరిమానాకంటే ఎక్కువ మండింది.

బడిలో ప్రతి పొద్దునా వాళ్ల సంఘం ప్రార్థనే, వాళ్ల సంఘం పాటలే. దాన్నెవరూ మతం అనరు. అది బడి గంట లాంటిది. నేను నోరు విప్పితే మాత్రం అది మతం. మొదటిరోజే హెడ్మాస్టరు యాకొపో గారు పిలిచి చెప్పారు. "ప్రార్థన బడిది. నమ్మకం నీది. రెండోదాన్ని గేటు దగ్గర చెప్పులతోపాటు విడిచి రామ్మా."

"మరి మీ నమ్మకం చెప్పులతోనే లోపలికొస్తోంది కదా సార్" అని నోటిదాకా వచ్చింది. మింగేశాను. ఏడేళ్లు మింగాను.

ఫిబ్రవరిలో సాంఘికశాస్త్రం పాఠం. తేదీ గీత గురించి చెప్పాలి. గ్లోబు లేదు కాబట్టి ఒక సీమపనస కాయ తెచ్చి, దానిమీద బొగ్గుతో గీత గీశాను. గీతకి ఇటువైపు మనం ఇదివరకు ఉన్నాం, ఇప్పుడు అటువైపు దూకాం, దూకేటప్పుడు ఒక రోజు జారిపడిపోయింది అని చెప్పాను. పిల్లలు విరగబడి నవ్వారు. జారిపడ్డ శుక్రవారం సముద్రంలో ఉంటుందా, సొరచేప తినేసి ఉంటుందా అని వాళ్లలో వాళ్లకి తగాదా.

అప్పుడు వవోసా చెయ్యెత్తింది. పదకొండేళ్ల పిల్ల. క్లాసులో అందరికంటే తెలివైంది, అందరికంటే తక్కువ మాట్లాడేది.

"టీచర్, రోజులు మనం మార్చేసుకోవచ్చా? అయితే దేవుడి రోజు ఏదో ఎలా తెలుస్తుంది?"

"ఆ సంగతి మీ ఇంట్లో పెద్దల్నడుగు, పాస్టరు గారినడుగు" అంటే సరిపోయేది. ఒక్క ముక్క. నేను సుద్దముక్క తీసుకుని బోర్డుమీద ఏడు గళ్లు గీశాను. ఏడో గడిలో శనివారం అని రాసి చుట్టూ సున్నా చుట్టాను.

"దేవుడు చెప్పింది ఏడోరోజు. ఆదివారం మొదటిరోజు. ఆదివారం నాది అని దేవుడు ఎక్కడా అనలేదు. అన్నాడని బైబిల్లో ఒక్క వాక్యం చూపించండి, క్లాసు మొత్తానికి పనికెకెలు వేయించి పెడతాను."

నూనెలో వేగిన తీపి పనికెకెలంటే మా పిల్లలు ప్రాణం పెడతారు. క్లాసంతా అరుపులు. దొరకదని నాకు తెలుసు. ఏడేళ్ల నుంచీ ఊరితో నేను ఆడాలనుకున్న పందెం అది. ఊరితో ఆడే ధైర్యం లేక వాళ్ల పిల్లలతో ఆడాను. ఆ పూట నా ఒళ్లంతా తేలిగ్గా ఉంది. ఆ సంతోషం తలుచుకుంటే ఇప్పటికీ నాకు తల కొట్టేసినట్టుంటుంది.

పెదవి దాటితే పృథివి దాటుతుందంటారు. ఆ సాయంత్రం శంఖం ఊదేసరికే నా మాట ఇంటింటికీ చేరింది. మర్నాడు పిల్లలు కబుర్లు మోసుకొచ్చారు. ఒకడికి వాళ్ల నాన్న చెంప పగలగొట్టాడట. ఒకమ్మాయికి వాళ్లమ్మ, "మీ టీచరు శనివారం పూట పరలోకానికెళ్తుంది, మనం ఆదివారం వెళ్దాం, దారిలో రద్దీ ఉండదు" అని చెప్పిందట. నేనూ నవ్వాను. 

శుక్రవారం బడి వదిలాక వవోసా నా బల్ల దగ్గర నిలబడింది.

"టీచర్, మా నానమ్మ మిమ్మల్ని ఒకసారి రమ్మంది."

"ఎందుకట?"

"నాకు చెప్పలేదు. ఒక్కర్నే రమ్మంది."

వాళ్ల నానమ్మ సిలివాని ఎరగనివాళ్లు ఊళ్లో లేరు. ఎనభై దాటిన మనిషి. కళ్లు పోయి పదేళ్లయింది. బైబిలు సగానికి సగం నోటికొచ్చు. రోజూ సాయంత్రం ప్రార్థనలో వవోసా చదువుతుంటే, ఎక్కడైనా ఒక్క మాట తప్పితే పట్టుకుని మళ్లీ చదివించేది. పాస్టరు కూడా ఆవిడ ముందు వాక్యం చెప్పేటప్పుడు తడబడతాడని చెప్పుకునేవారు. ఆవిడ నన్ను కూర్చోబెట్టి వరసపెట్టి దులుపుతుందని నాకు భయమేసింది.

"చూద్దాంలే" అన్నాను.

సోమవారం మళ్లీ అడిగింది. "టీచర్, నానమ్మ ఇవాళైనా వస్తారేమో కనుక్కోమంది."

"పేపర్లు దిద్దాలమ్మా. వారం పోనీ" అన్నాను. దిద్దాల్సిన పేపర్లు ఏవీ లేవు.

ఆ పిల్ల నా బల్లమీద ఖాళీని ఒకసారి చూసి వెళ్లిపోయింది.

బుధవారం పొద్దున వవోసా నాన్న లెమాఫా బడికొచ్చాడు. ఊళ్లో పెద్దమనిషి, ఇంటి పెద్దగా బిరుదు అందుకున్నవాడు. ఎప్పుడూ గట్టిగా మాట్లాడడు. ఆ రోజూ మాట్లాడలేదు. హెడ్మాస్టరు నన్నూ పిలిపించారు. హెడ్మాస్టరు గదిలో నేల మీద కూర్చుని, చాపలోని పుల్లని లాగుతూ చెప్పాడు.

"మా అమ్మ అయిదు రోజుల్నుంచి కొబ్బరినీళ్లు తప్ప ఏమీ ముట్టడం లేదు సార్. సముద్రం వైపు తిరిగి పడుకుంటోంది. అడిగితే జవాబు లేదు. మొన్న ఆదివారం గుడికి రానంది. మా అమ్మ! గుడికి రానంది!"

"పెద్దావిడ, ఒంట్లో బాగోలేదేమో..." అన్నారు హెడ్మాస్టరు.

"ఒంట్లో కాదు సార్. టీచరు గారు పందెం కట్టారటగా? ఆ సాయంత్రం మా పిల్ల ఆ వాక్యం ఎక్కడుందో చెప్పమని అమ్మని అడిగింది. అమ్మ రాత్రంతా తలలోనే వెతుక్కుంది. దొరకలేదు." అతను నావైపు చూడలేదు. "మా అన్న సెతెఫానో సంగతి మీకు తెలుసు కదా సార్. టీచరు గారికి తెలియదేమో."

తెలియదు. అతనే చెప్పాడు. ఇరవై రెండేళ్ల కిందట పెద్ద తుపాను వచ్చి తోటలన్నీ ఊడ్చుకుపోయాక, ఇంట్లో పిల్లలు ఆకలికి ఏడుస్తుంటే సెతెఫానో ఒక ఆదివారం పడవేసుకుని చేపలకి వెళ్లాడు. ఊరు అతని ఇంటికి పది పందుల జరిమానా వేసింది. ఊరికంటే ముందు తల్లే గుడిలో లేచి నిలబడి, మోకాళ్లూని తప్పు ఒప్పుకునేదాకా వీడు నా కొడుకు కాడంది. అతను ఒప్పుకోలేదు. అవతలి దీవికి పోయి రేవులో మూటలు మోశాడు. మూడో ఏట జ్వరం వచ్చి పోయాడు. తల్లి శవాన్ని కూడా ఊళ్లోకి రానివ్వలేదు.

"ఆదివారం కోసం కన్నకొడుకుని వదులుకున్న మనిషి సార్ మా అమ్మ. ఇప్పుడు ఆ ఆదివారమే కాదంటే ఆవిడకి మిగిలిందేముంది? ఇలాగే ఉంటే ఇంకో వారం కూడా బతకదు."

అతను వెళ్లిపోయాడు. నేనే ముందు తెగించాను.

"నేను అబద్ధం చెప్పలేదు సార్. నేను నమ్మిందే చెప్పాను."

"నువ్వు నమ్మావు. నమ్మకపోయినా నీకేం కాదు. పిల్లలు అలా కాదమ్మా. తొమ్మిదార్లు యాభై నాలుగని నువ్వే చెప్తావు, శనివారమని నువ్వే చెప్తావు. పదకొండేళ్ల పిల్లకి రెండూ ఒకటే." ఆయన కళ్లద్దాలు తీసి తుడుచుకున్నారు. "వాళ్లతో వాదించావా నువ్వు? వాళ్లు తిరిగి వాదించగలరా నీతో? పాస్టరు గారితో వాదించు, నేనొచ్చి కూర్చుని వింటాను."

 ఆయన పక్షం కూడా పూర్తిగా న్యాయం కాదని తెలుసు, పొద్దుటి ప్రార్థన సంగతి ఎత్తొచ్చని తెలుసు. కానీ ముసలావిడ తిండి మానేసి పడుకుని ఉంటే ఆ లెక్కలు తీయడానికి నోరు రాలేదు.

"రేపు తెల్లారి చాప కింద కూర్చుంటాం" అన్నారాయన.

 చాప కింద కూర్చోవడమంటే మాలో చిన్న సంగతి కాదు. మనిషిని చంపినప్పుడు, పరువు తీసినప్పుడు తప్పు చేసినవాళ్లు తమ ఇంటి పెద్దతో కలిసి తెల్లవారకముందే అవతలివాళ్ల వాకిట్లో మోకాళ్లమీద కూర్చుని, మొగలి ఆకుల సన్నచాప తలమీంచి కప్పుకుంటారు. వాళ్లొచ్చి చాప ఎత్తితే క్షమించినట్టు. ఎత్తకపోతే ఎండలో అలా ఉండాల్సిందే. చాప ఎత్తాక ఆ సంగతి రెండువైపుల వాళ్లూ జన్మలో మళ్లీ ఎత్తకూడదు.

"కూర్చుంటాం అంటారేంటి సార్? తప్పు నాది."

"నీ ఇంటి పెద్ద ఈ దీవిలో లేడు. బడిలో నేనే నీకు పెద్దని. చాప మా ఆవిడ పెళ్లినాటిది. చినగకుండా చూడు." వెళ్తూ వెళ్తూ ఆగారు. "గట్టిగా చెప్పు. ఆదివారమే దేవుడి రోజు, నేను పిల్లలకి తప్పు చెప్పాను అను. నసగకు. ముసలావిడకి వినబడాలి."

ఆ రాత్రి వవోసా రెండుసార్లు తెచ్చిన కబురు ఒక్కసారి కూడా నాకు గుర్తు రాలేదు. నా పరువు గురించీ, మా సంఘంవాళ్లకి తెలిస్తే ఏమంటారన్న దాని గురించీ తప్ప నాకింకేమీ తోచలేదు.

గురువారం చీకటితో లెమాఫా వాకిట్లో కూర్చున్నాం. గడ్డి తడిగా ఉంది. అరవై ఏళ్ల యాకొపో గారు మోకాలి నొప్పితో పళ్లు బిగపట్టడం నా పక్కనే వినిపిస్తోంది. నా నోటి దురదకి ఆయన మోకాళ్లు. చాప కింద ఎవరి మొహం ఎవరికీ కనబడకపోవడం ఒక్కటే నాకు అదృష్టం.

మా ఇళ్లకి గోడలుండవు కదా, తెల్లవారగానే ఇంట్లో అలికిడి, "అయ్యో, హెడ్మాస్టరు గారే!" అని ఒక ఆడగొంతు వినబడ్డాయి. యాకొపో గారు నన్ను మోచేత్తో పొడిచారు. చెప్పాను. గట్టిగా, పాఠం అప్పజెప్పినట్టు చెప్పాను.

"ఆదివారమే దేవుడి రోజు. నేను పిల్లలకి తప్పు చెప్పాను. సిలివా అమ్మ మనసు కష్టపెట్టాను. మీ ఇంటిల్లిపాదీ నన్ను క్షమించాలి."

లెమాఫా పరుగున వచ్చి చాప ఎత్తేశాడు. హెడ్మాస్టరు గారిని రెండు చేతులా లేవదీసి, "ఎంత పని చేశారు సార్, ఒక్క మాట చెప్తే సరిపోయేది కదా" అంటూ లోపలికి నడిపించాడు. చాప మడిచి పక్కన పెట్టారు. వేడి కోకో, చేమదుంపలు వచ్చాయి. వాకిట్లో చేరిన ఇరుగుపొరుగు కూడా లోపలికొచ్చి కూర్చున్నారు. వేడుకలాగే ఉంది. నాకు ఊపిరి తిరిగొచ్చింది.

సిలివా ఆ చివర పరుపుచాప మీద సముద్రం వైపు తిరిగి పడుకుని ఉంది. వవోసా పక్కనే కూర్చుని ఈగలు తోలుతోంది.

"ఆ పిల్లని ఇటు రమ్మను" అంది ముసలావిడ.

వెళ్లి కూర్చున్నాను. ఆవిడ చెయ్యి తడుముకుంటూ వచ్చి నా మోకాలిమీద ఆగింది. తేలిగ్గా ఉంది చెయ్యి.

"రెండుసార్లు కబురు పెట్టానే. రాలేదేం?"

"భయమేసిందమ్మా."

"తిడతాననుకున్నావా? పిచ్చిదానా! తిట్టడానికైతే పాస్టరునే పంపేదాన్ని." చిన్నగా నవ్వింది. పళ్లు లేని నవ్వు. తర్వాత గొంతు తగ్గించింది. "నేను నిన్ను ఒకటి అడుగుదామనుకున్నా. మీ లెక్క ప్రకారం శనివారమే దేవుడి రోజైతే, ఆదివారం ఉత్తి పనిరోజే కదా?"

వవోసా తలెత్తి నావైపు చూసింది.

"అయితే ఆదివారం చేపలకెళ్లినవాడు పాపం చేసినట్టు కాదు కదా. మా సెతెఫానో." ఆ పేరు పలకడానికి ఆవిడకి కొంచెం సేపు పట్టింది. "పాపం నాదవుతుంది, అవనీ. ముసలిదాన్ని, నేను మోస్తాను. వాడు పోయాక ఇదే మొదటిసారి, మంటల్లో లేడనుకుని కళ్లు మూసుకున్నానే తల్లీ ఈ వారం. తిండి మానింది బాధతో కాదు. నన్ను క్షమించమని వాణ్ణి అడుగుతున్నా, ఉపవాసముండి. మా వాళ్లకి చెబితే ఈ వయసులో మతం మార్చుకున్నావా అని ఏడుస్తారని చెప్పలేదు. నిన్నడిగి రూఢి చేసుకుందామనుకున్నా."

వవోసా ఈగలు తోలడం మానేసింది. ముసలావిడ గొంతు పెంచింది.

"ఇందాక చాప కింద నువ్వన్నది వినబడింది. చెవులు బాగానే ఉన్నాయి నాకు. భయానికి అన్నావా, నిజంగా అన్నావా?"

ఇంట్లో మాటలు ఆగిపోయాయి. లెమాఫా కోకో గిన్నె పట్టుకుని నావైపే చూస్తున్నాడు. యాకొపో గారు మోకాలు పట్టుకుని కూర్చుని నావైపే చూస్తున్నారు. ఇరుగుపొరుగు చూస్తున్నారు. చాప ఎత్తేశారు, ఇక ఆ సంగతి ఎత్తకూడదు. ఎత్తితే యాకొపో గారు మోకాళ్ల మీద కూర్చున్నదంతా మట్టిపాలు, లెమాఫా పరువు మట్టిపాలు, నా ఉద్యోగం మట్టిపాలు. ఇవన్నీ నాకు ఒక్కసారే తట్టాయి. శనివారమని నేను అప్పుడూ నమ్మాను, ఇప్పుడూ నమ్ముతున్నాను. ఒక పిల్ల అడిగితే, అడగని క్లాసంతటికీ బోర్డుమీద సున్నా చుట్టి మరీ చెప్పిన మాట అది. అడిగి, ఆశపడి, చెయ్యి చాచిన ఒకే ఒక్క మనిషికి ఇప్పుడు చెప్పాల్సి వచ్చింది.

"నిజంగానే అన్నానమ్మా. ఆదివారమే" అన్నాను.

నా మోకాలి మీది చెయ్యి వెనక్కి వెళ్లిపోయింది.

"అయితే వాడిది తప్పేనన్నమాట" అంది సిలివా.

 తర్వాత మెల్లగా లేచి కూర్చుని, ఏదీ ఆ కోకో ఇటివ్వండి అంది. చేమదుంప ముక్క తెమ్మంది. నమిలింది. ఇంట్లో ఆడవాళ్లు ఒక్కసారిగా ఏడుస్తూ నవ్వారు. ఎవరో కృతజ్ఞతా గీతం ఎత్తుకున్నారు. లెమాఫా నా రెండు చేతులూ పట్టుకుని, "మా అమ్మని మాకు తిరిగిచ్చారు టీచర్" అన్నాడు.

నేను వెక్కి వెక్కి ఏడ్చాను. యాకొపో గారు నా వీపు నిమురుతూ, పోనీలే, తప్పు ఒప్పుకున్నావుగా అన్నారు. వవోసా ఒక్కతే నా దగ్గరకి రాలేదు. వాళ్ల నానమ్మ గడ్డం మీద కారిన కోకోని తుడిచింది.